నీటి పోగులు అతికించిన మామ

మామ పోయారన్న కబురు నాకు షేర్ ఆటోలో అందింది. కాలేజీ అయ్యి ఇంటికి వస్తున్నాను. అమ్మ ఫోన్ చేసి, "పాపా, ఏడ ఉండావు?" అంది. పాత బస్టాండు దాటుతున్నానని చెప్పాను. "సరి. మన ఇంటికి రావద్దు. నేరుగా మామ ఇంటికి వచ్చేయి," అని, "మామ పోయినారు," అంది.

మధ్యాహ్నం అన్నం తిని వాలుకుర్చీలో నడుం వాల్చారట. అమ్మ సాయంత్రం కాఫీ తీసుకెళ్ళి పిలిస్తే పలకలేదట. ముఖంలో నొప్పి జాడ కూడా లేదని అమ్మ ఆ తర్వాత అందరికీ చెబుతూ వచ్చింది. వినేవాళ్ళ కంటే ఆమెకే ఆ మాట ఎక్కువ అవసరమని నాకు అనిపించింది.

ఫోన్ పెట్టేసేసరికి ఆటో ఒక మిల్లు గోడ పక్కగా పోతోంది. షిఫ్టు మారే వేళ. గేటులోంచి బయటికి వస్తున్న వాళ్ళ జుట్టు మీద, కనుబొమల మీద తెల్లటి దూది నూగు ఉంది. ఎండ వాళ్ళ వెనక నుంచి పడుతుంటే ఒక్కొక్కరి తల చుట్టూ ఆ నూగు వెలుగుతోంది. వాళ్ళలో మామ కూడా వస్తారేమోనని నేను నిజంగానే చూశాను. ఆయన మిల్లు మానేసి ఏళ్ళవుతోందన్న సంగతి ఆటో మలుపు తిరిగాక గుర్తొచ్చింది.

ఈ నాలుగు మాటలు చదివే మీలో చాలామందికి మామ తెలిసి ఉండరు. ఆయన మా అమ్మకు అన్న. తమిళం మాట్లాడే మిల్లుల ఊళ్ళో మావి తెలుగు ఇళ్ళు. మా వీధికి వెనక వీధిలో ఆయన ఇల్లు. పిల్లలు లేరు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక నూలు మిల్లులో టెస్టింగ్ రూములో ఉన్నారు. అక్కడ ఆయన పని నూలును పరీక్షించడం. నల్లటి బోర్డు మీద నూలు వరుసగా చుట్టి, వెలుతురు వైపు తిప్పి, ఎక్కడ సన్నబడింది, ఎక్కడ లావైంది, ఎక్కడ ముడి పడింది అని చూసేవారు. మిల్లు మానేసినా ఆ చూపు మానలేదు. ఇంటికి ఎవరు కొత్త బట్టలు తెచ్చినా అంచులోంచి ఒక పోగు లాగి, వేలికి చుట్టి, కిటికీ వైపు ఎత్తి పట్టుకునేవారు.

"అన్నా, చీర ఎట్లుండాదో చెప్పమంటే పోగు పీకుతారే!" అని అమ్మ మొత్తుకునేది.

"పోగు బాగుంటేనే గదా చీర బాగుండేది," అని ఆయన ఆ పోగును జాగ్రత్తగా జేబులో వేసుకునేవారు.

మామ నోట తరచుగా వచ్చే మాట ఒకటుంది. నేను కాలేజీలో చేరిన కొత్తలో మొదటి పరీక్షలో క్లాసులో ఫస్టు వచ్చాను. అమ్మ ఆ సంగతి పొంగిపోతూ చెబితే మామ నన్ను పైనుంచి కింది దాకా చూసి, "శాంపిల్ మంచిగుండాది. మూట సంగతి నేను చెప్పలేదు," అన్నారు. అమ్మకు కోపం వచ్చింది. నాకు నవ్వు వచ్చింది. ఒక చిన్న ముక్క చూసి మొత్తం తెలుసని అనడం ఆయన దృష్టిలో అబద్ధం. అందులో మేనకోడలికి కూడా మినహాయింపు లేదు.

అలాంటి మనిషి ఒక ఏడు, జూలై మధ్యలో మొదలయ్యే ఆడి నెలంతా ఫోన్ మీది గీతల్ని నమ్మారు. ఎందుకు నమ్మారో చెప్పాలంటే అత్త గురించి చెప్పాలి.

అత్త అంతకు ముందు మార్గళి నెలలో, డిసెంబరు చలిలో పోయింది. అస్థులు రామేశ్వరంలో కలపాలని పెద్దవాళ్ళన్నారు. మామ వినలేదు. అత్తకు తిరుచెందూరు గుడి ముందరి సముద్రం ఇష్టం. దర్శనం అయ్యాక చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, చీలమండల దాకా నీళ్ళలో నిలబడి, అలలు కాళ్ళ కింది ఇసుకను లాగేస్తుంటే చిన్నపిల్లలా అరిచేది. "అది నిలబడిన చోటే," అన్నారు మామ. వ్యాను మాట్లాడుకుని శంకరన్‌కోవిల్, తిరునెల్వేలి మీదుగా వెళ్ళాం.

ఆ రోజు అలలు పెద్దవిగా ఉన్నాయి. మామ మోకాళ్ళ లోతు దాకా వెళ్ళి అస్థుల కుండ వంచి, దాని మీది పూలమాలను నీళ్ళలో విడిచారు. ఒక అల దాన్ని లోపలికి తీసుకుపోయింది. తర్వాతి అల తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది. మామ వంగి, తీసి, మళ్ళీ విసిరారు. మళ్ళీ వచ్చింది.

ఒడ్డున అత్త చెల్లెలు ఉంది. నేను చిన్నత్త అని పిలిచే ఆమె. ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయినా నోరు మాత్రం ఊరుకోని మనిషి. "చూసినారా బావా?" అంది. "అక్కకు మిమ్మల్ని ఇడిచి పోయే మనసు లేదు. తిరిగి వచ్చేస్తాండాది."

ఏడుపులోనే రెండు ముక్కలు నవ్వు కలిసిన మాట అది. అందరూ ఏడుస్తూనే నవ్వారు. మామ నవ్వలేదు. ఇంకోసారి విసిరారు. అంతలో అయ్యరు పిలిస్తే వెనక్కి తిరిగారు. ఆయన మళ్ళీ చూసేసరికి మాల లోపలా లేదు, ఒడ్డునా లేదు.

వ్యానులో చాలా దూరం వచ్చాక నా వైపు వంగి మెల్లగా అడిగారు. "పాపా, కడాసారి మాల పోయిందా, తిరిగి వచ్చిందా? నువ్వు చూసినావా?"

నేను చూడలేదు. కుండ కడుగుతున్నాను. ఇంటికొచ్చాక ఆయన అమ్మనడిగారు, మా అన్నయ్యనడిగారు. ఎవరూ చూడలేదు. సముద్రం అత్తను తీసుకుందా, ఒడ్డుకే తిరగకొట్టిందా అన్న ప్రశ్న ఆయనలో అలా ఉండిపోయింది. పైకి అనేవారు కాదు. అన్నం ముందు కూర్చుని కలపడం మరిచిపోయినప్పుడు మాత్రం మాకు తెలిసేది.

తర్వాత ఆడి వచ్చింది. మా ఊళ్ళో ఆడి గాలి కొండ మీది నుంచి దిగుతుంది. మేడ మీద ఆరేసిన బట్టలు క్లిప్పులతో సహా ఎగిరిపోతాయి. ఒక సాయంత్రం అమ్మ మేడ మీద వడియాలు ఎత్తుతూ, వాన వస్తుందేమో ఫోన్లో చూడమంది. నేను వాతావరణం చూపించే మ్యాపు తెరిచాను. దాని మీద గాలి సన్నటి గీతలుగా కదులుతూ ఉంటుంది. పక్కన కూర్చున్న మామ, "ఏదీ, ఇటివ్వు," అని తీసుకుని, మందపాటి వేలితో ఎక్కడో నొక్కేశారు. గాలి గీతలు పోయాయి. నేలంతా నల్లబడిపోయింది. సముద్రం మాత్రం మిగిలింది, దాని మీద లెక్కలేనన్ని వెలుగు గీతలతో.

"ఏం చేసినాను పాపా? మన ఊరు ఏది?"

"ఆ నల్లగా ఉండేదాంట్లో ఉండాది మామా. ఇది సముద్రం మాత్రమే చూపిస్తాది. నీళ్ళు ఎటు పోతాండాయో."

మామ కళ్ళజోడు సర్దుకున్నారు. నీలం మీద గీతలు పుడుతున్నాయి, వంపులు తిరుగుతున్నాయి, ఒకదాని పక్కన ఒకటి జాలువారుతున్నాయి. లంక కింద అవన్నీ కలిసి ఒక పెద్ద పాయగా తూర్పుకు పోతున్నాయి. "దూదిని దువ్వే కార్డింగ్ మిషన్లోనుంచి పొర దిగే మాదిరి ఉండాదే!" అన్నారు. ఆ గొంతు నాకు కొత్త. వడియాల పళ్ళెం పట్టుకున్న అమ్మ కూడా ఆగి చూసింది. కాసేపటికి ఆయన అన్నారు: "తిరుచెందూరు ఏడనో చూపించు."

ఆ రోజు నుంచి సాయంత్రమయితే నా ఫోన్ మామ చేతిలో ఉండేది. తిరుచెందూరుకు ఎదురుగా నీళ్ళలో ఒక గీతను ఎంచుకుని, దాని మీద గోరు పెట్టి, అది కదిలినంత దూరం గోరును కదిపేవారు. గీత కొంచెం దూరం పోయి ఆరిపోయేది. "తెగింది," అనేవారు. వెంటనే అదే చోట పుట్టిన ఇంకో గీతను పట్టుకుని, "అతికించినాను," అనేవారు.

మిల్లులో చేరిన కొత్తలో మామ అందరిలాగే మొదట నేర్చుకున్నది తెగిన పోగును అతికించడం. తెగిన కొసను పట్టుకుని, పైనుంచి దిగుతున్న దూదికి రెండు వేళ్ళతో తాకిస్తే చాలు, పోగు మళ్ళీ సాగుతుంది. నూలు అనేది అలా తెగుతూ, అతుకుతూ కండె నిండుతుందని, తెగడం తప్పు కాదని, అతికించకుండా వదిలేయడమే తప్పని ఆయన నాకు చెప్పేవారు. నీళ్ళ గీతల్ని కూడా ఆయన వేళ్ళు అలాగే చూశాయి. ఒక్కో సాయంత్రం కొంత దూరం చొప్పున, తెగిన చోటల్లా అతికిస్తూ, అత్తను లంక దక్షిణపు కొన దాకా తీసుకెళ్ళారు.

ఆ రోజుల్లో మామ ముఖం తేటపడింది. అన్నం సరిగ్గా తినసాగారు. వీధంతా ఈ సంగతి తెలిసిపోయింది. మూల అంగడి అన్న సరుకులు కడుతూ అడిగేవాడు. "ఏం మామా, అత్త ఏడ దాకా పోయింది?"

"లంక మూల తిరిగింది."

"పాస్‌పోర్టు లేకుండానా?"

"ఆమెకు అడ్డం చెప్పేవాడు లంకలో మాత్రం ఉంటాడా?" అని మామ చక్కెర పొట్లం చంకలో పెట్టుకుని నవ్వుతూ వచ్చేవారు.

ఇంట్లో మాట్లాడే తెలుగును అక్షరాల్లో రాయడం నేను ఆ ఏడే నేర్చుకుంటున్నాను. బడిలో చదివిందంతా తమిళం. కొత్తగా తెలుగు అక్షరం వచ్చినవాళ్ళకు కనబడిన ప్రతిదాన్నీ తెలుగులో రాసి చూడాలని ఉంటుంది. ఈ సముద్రపు గీతల్ని ఏమంటారోనని వెతికితే 'ఉపరితల ప్రవాహం' అని దొరికింది. మామకు చెప్పాను. "అంత పెద్ద పేరు పెడితే నీళ్ళు ఎట్లా కదులుతాయి పాపా? పైనీరు అని చెప్పు," అన్నారు. నాకు ఆ మాట ఎంతో నచ్చింది. పైనీరు గురించి ఒక పేజీ రాద్దామని, ఆ మ్యాపు నడిపేవాళ్ళు పెట్టిన వివరణ తెరిచి, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను.

చదివే కొద్దీ నాకు భయం పట్టుకుంది.

మొదట తెలిసింది తేదీ సంగతి. మ్యాపు చూపేది ఇప్పటి సముద్రాన్ని. అది కూడా సరిగ్గా ఇవాళ్టిది కాదు. గాలి రోజూ మారుతుంది కానీ నీటి లెక్క కొన్ని రోజులు వెనకబడి వస్తుంది. ఏదైతేనేం, అది ఆడి సముద్రం. అత్తను విడిచింది మార్గళిలో. ఈ ఒక్క మాట మామతో చెప్పకుండా ఉండవచ్చు. ఆయన అన్నం తింటున్నారు, నవ్వుతున్నారు. కానీ నూలు సన్నబడిందని తెలిసీ బాగుందని రాసే మనిషి దగ్గర నేను పెరగలేదు.

"మామా, మీరు అత్తను విడిచింది మార్గళిలో గదా?" అన్నాను.

ఆయన గోరు ఆగింది. నా వైపు చూడకుండానే, "తేదీ మార్చేదానికి అవుతాదా?" అన్నారు.

మార్చాను. సముద్రమంతా ఒక్కసారి వెనక్కి తిరిగినట్టయింది. లంక కింద తూర్పుకు పోయిన పాయ ఇప్పుడు పడమటికి పోతోంది. మామ చాలాసేపు చూసి, "అట్లయితే మీ అత్త లంకకు పోలేదా?" అన్నారు. తర్వాత, "అంగడిలో ఏం చెప్పేది ఇప్పుడు?" అన్నారు. నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆయన నవ్వలేదు.

"ఈ మ్యాపును ఎవురు టెస్ట్ చేసినారు పాపా?"

ఆ ప్రశ్నతో ఆయన మళ్ళీ టెస్టింగ్ రూములోకి వెళ్ళి కూర్చున్నారని నాకు అర్థమైంది. ఆ తర్వాత కొన్ని సాయంత్రాలు నేను ఆ వివరణను కొంచెం కొంచెంగా మా ఇంటి తెలుగులోకి మార్చి చదివాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. గాలికి మేడ మీది తీగ ఒకటే శబ్దం చేసేది. పక్క వీధిలో బ్యాండేజి గుడ్డ నేసే మగ్గాలు ఆడుతుండేవి. ఆ శబ్దాల మధ్య సముద్రం గురించి చదువుతుంటే, మా ఊరే మెల్లగా తాడు విప్పుకుని ఎక్కడికో పోతున్నట్టు ఉండేది.

ఆకాశంలో తిరిగే ఉపగ్రహం నీళ్ళు పారడాన్ని చూడదు, సముద్రం ఎక్కడ కొంచెం ఉబ్బింది, ఎక్కడ కొంచెం దిగింది అని కొలుస్తుంది, దానికి గాలిని కలిపి నీరు ఎటు పోతూ ఉండాలో లెక్క కడతారు అని చెప్పాను. కొన్ని రోజుల లెక్కను కలిపి సగటు తీస్తారని చెప్పినప్పుడు ఆయన కళ్ళు తెరిచారు.

"సగటు తీస్తే సన్నం, లావు అన్నీ కలిసిపోయి మంచి నూలే కనపడతాది," అన్నారు. "సరి, తప్పు లేదు. పెద్ద పోక తెలుస్తాది. చిన్నవి తెలియవు. ఇంకా?"

ఇంకా చెప్పవలసింది గీతల సంగతి. నేను ఫోన్ వైపే చూస్తూ చెప్పాను. "ఈ గీతలు పోగులు కావు మామా. ఆ చోట నీరు ఎటు పోతాందో చూపించేదానికి కంప్యూటర్ వేసే గీతలు. కొంచెం పరిగెత్తి ఆరిపోతాయి. మళ్ళీ ఇంకోటి పుడతాది. దీనికీ దానికీ సంబంధం లేదు. పరుగు కూడా మన కంటికి తెలిసేదానికి బాగా ఎచ్చు చేసి చూపిస్తారు."

"అతికించకూడదా?"

"కూడదు మామా."

ఆయన వేళ్ళు రెండూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, పోగు కొస పట్టుకున్నట్టు. వాటిని విప్పి మోకాలి మీద పెట్టుకున్నారు. కాసేపటికి ఫోన్ తీసుకుని, తిరుచెందూరు దగ్గరికి మ్యాపును పెద్దది చేశారు. ఒడ్డు వెంట గీతలేమీ లేని ఒక సన్నటి పట్టీ ఉంది. గీతలు దానికి అవతల మొదలవుతున్నాయి. ఇన్నాళ్ళూ ఆయన అత్తను మొదలుపెట్టింది ఆ అవతలి నుంచే.

"ఈడ ఏం లేదే?"

"ఒడ్డు పక్కన వాళ్ళ లెక్క నిలవదంట. అందుకే ఏమీ చూపించలేదు. వాళ్ళే రాసిపెట్టినారు."

మాల తిరిగి వచ్చింది ఆ పట్టీలోనే. ఆయనకు కావలసిన జవాబు ఆ పట్టీ దాటిందా లేదా అన్నదొక్కటే. సముద్రమంతా చూపించే మ్యాపు అక్కడ మాత్రం ఖాళీ. మామకు ఏమవుతుందోనని నేను ఆయన ముఖమే చూస్తూ కూర్చున్నాను.

"నిజం చెప్పినారు వాళ్ళు. చదవనిది మనమే," అన్నారు. ఫోన్ నా చేతికిచ్చి మళ్ళీ అన్నారు. "ఫెయిల్ కాదు పాపా. టెస్ట్ చేయలేదు, అంతే. ఆ రెండూ ఒకటి కాదు."

టెస్టింగ్ రూములో చాలినంత నూలు రాకపోతే రిపోర్టులో ఆ గడి ఖాళీగా వదిలేసేవాళ్ళట. కొత్తగా చేరినవాళ్ళు ఖాళీ చూసి కంగారుపడి ఏదో ఒక అంకె వేస్తే మామ ఒప్పుకునేవారు కాదట. ఆ మాట చెప్పి లేచి, చెప్పులు వెతుక్కుని ఇంటికి వెళ్ళిపోయారు. తర్వాత చాలా రోజులు ఆయన ఫోన్ అడగలేదు. అన్నం ముందు మళ్ళీ ఊరికే కూర్చోవడం చూసి, నేను చెప్పకుండా ఉండవలసిందా అని చాలాసార్లు అనుకున్నాను.

మళ్ళీ మార్గళి వచ్చింది. అత్త ఏడాది తిథికి చిన్నత్త వచ్చింది. వంటింట్లో పీట వేసుకుని పెద్ద గిన్నెలో బియ్యం కడుగుతోంది. మామ గడప దగ్గర నిలబడ్డారు. నేను కూరగాయలు తరుగుతున్నాను.

"ఏందమ్మా, ఆ పొద్దు ఒడ్డున నువ్వు అన్న మాట..." అని మొదలుపెట్టారు.

"నేనా? ఏం అన్నాను?"

"మీ అక్క తిరిగి వచ్చేస్తాండాది అన్నావు గదా, మాల చూసి."

చిన్నత్త చేతులు గిన్నెలోనే ఆగిపోయాయి. ఆమెకు గుర్తే లేదు. "అయ్యో బావా! సుమ్మా, ఊరికే ఏడుపులో ఏదో వాగి ఉంటాను. ఏడాదిగా ఆ మాట మోస్తాండారా? ఒక ఫోన్ చేసి నాలుగు తిట్టి ఉండకూడదా?"

చిన్నత్త ఆయన్ని చూసింది, గిన్నెను చూసింది. "ఇట్లా రాండి. కూర్చోండి. ఈ బియ్యం చూడండి," అంది. గిన్నెను కొంచెం తిప్పింది. తెల్లటి నీళ్ళ మీద తవుడు, రెండు ఊక గింజలు తేలి అంచుకు చేరి ఆగాయి. "తేలేది తేలుతాది, అంచుకు వస్తాది. బియ్యం ఏమయినా పైకి వచ్చిందా? పూలమాల తేలేది బావా, వస్తాది. మా అక్క పూలమాలనా ఏంది?"

మామ పీట పక్కన నేల మీదే కూర్చున్నారు. గిన్నెలోకి వంగి చూశారు. నీళ్ళు తేటపడే దాకా చూస్తూనే ఉన్నారు. అడుగున బియ్యం కదలకుండా ఉంది.

"పాపా, ఆ మ్యాపు చూపించేది పైనీరే గదా?"

"పైనీరే మామా. లోపలి నీళ్ళ పోక వేరే. పైన ఒక పక్కకు పోతాంటే లోపల ఇంకో పక్కకు కూడా పోతాదంట."

"అట్లయితే ఇన్నాళ్ళు నేను పూలమాల వెంట పోయినాను," అన్నారు మామ.

చిన్నత్త తడి చేత్తోనే ముక్కు తుడుచుకుని, "మా అక్క వెంట మీరు ఎప్పుడు సరిగ్గా పోయినారు? కొడైకెనాల్లో తప్పిపోయి బస్టాండులో కూర్చుంది మీరా, ఆమెనా?" అంది. మామ పగలబడి నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నారు. ఆ నవ్వు ఎక్కడ ఆగి ఏడుపు ఎక్కడ మొదలయిందో మా ముగ్గురిలో ఎవరమూ పట్టించుకోలేదు. ఆ రోజు తిథి భోజనంలో ఆయన రెండోసారి పాయసం అడిగి వేయించుకున్నారు.

ఆ తర్వాత మామ మళ్ళీ ఫోన్ అడిగారు. ఈసారి గోరు పెట్టలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఫోన్‌ను చెంబుకు ఆనించి, మేడ మీద కూర్చుని చూసేవారు. ఏం చూస్తున్నారని అడిగితే, "సుమ్మా. బాగుండాది," అనేవారు. తిరుచెందూరు కూడా వెతికేవారు కాదు. ఆఫ్రికా పక్కన నీళ్ళు సుడులు సుడులుగా తిరిగే చోటు ఒకటి ఆయనకు చాలా ఇష్టం. "దీంట్లో ఎంత నిజమో, ఎంత లెక్కో," అని, "నిజమైనంత మట్టుకు ఎంత అందం చూడు," అనేవారు. ఎండ తగ్గి కొండ నీలంగా మారేది. మగ్గాల శబ్దం దూరంగా వినబడేది. గాలిలో దూది నూగు ఒకటి రెండు తేలుతూ వచ్చి ఫోన్ మీద వాలేవి. మేమిద్దరం వాటిని ఊదకుండా, అవి వాటంతట అవే పోయే దాకా కూర్చునేవాళ్ళం. సముద్రానికి ఇంత దూరాన ఉన్న ఊళ్ళో ఒక మేడ మీద నాకు సముద్రం అలా పరిచయమైంది. కళ్ళు మూసుకున్నా ఆ గీతలు కదులుతూనే ఉండేవి.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నదాన్ని గొప్పగా చెప్పడం నాకు చేతకాదు. చెప్పినా ఆయనకు నచ్చదు. ఈ పేజీలు రాస్తూ, ఆయన గురించి నాకు తెలియని చోట ఏదో ఒకటి నింపబోయి చాలాసార్లు ఆగాను. యువకుడిగా ఆయన ఎలా ఉండేవారో, అత్తతో మొదట ఏం మాట్లాడారో నాకు తెలియదు. ఆ చోట్లు ఖాళీగా వదిలేశాను.

మామకు మా అన్నయ్య కొరివి పెట్టాడు. అస్థులు ఎక్కడ కలపాలన్న ప్రశ్నే రాలేదు, తిరుచెందూరే. కానీ వ్యాను దిగగానే చిన్నత్త అంది: "ఒడ్డున వద్దు. పడవ మాట్లాడండి. ఒడ్డున ఏమయినా జరిగితే నా నోరు ఊరికే ఉండదు, మళ్ళీ ఎవురో ఏడాది మోస్తారు." పడవలో ఆడవాళ్ళెందుకని ఒక పెద్దాయన అంటుండగానే ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కి కూర్చుంది. నన్నూ లాగింది.

పంగుని నెల, ఎండలు ముదిరే మార్చి. సముద్రం నిద్రపోతున్నట్టు ఉంది. అలలు విరిగే చోటు దాటి చాలా దూరం పోయాక పడవ నడిపే ఆయన ఇంజను ఆపాడు. ఆ నిశ్శబ్దంలో పడవ పక్కలకు నీళ్ళు మెల్లగా తగిలే చప్పుడొక్కటే. చుట్టూ ఎటు చూసినా ఒక్క గీత లేదు. అన్నయ్య వంగి, కుండను నీటి అంచుకు తాకించి, వంచాడు.

బూడిద పైన ఒక్క క్షణం ఆగి, మునిగింది. ఎండ నీళ్ళలోకి చాలా లోతు దాకా దిగుతోంది. ఆ వెలుతురులో అది తెల్లటి మబ్బులా విచ్చుకోవడం నాకు స్పష్టంగా కనిపించింది. తూర్పుకు పోలేదు, పడమటికి పోలేదు. ఉన్నచోటే దిగుతూ, దిగుతూ వెడల్పయింది. చిన్నత్త నా భుజం పట్టుకుని వంగి చూస్తోంది. పడవ నీడ ఆ తెలుపు మీద పడింది. నీళ్ళ కింద నీడా తెలుపూ కలిసి కాసేపు ఊగాయి.